కుడివైపు వదిలిన దారి

కొండాపూర్
10 జూన్ 1973

తమ్ముడు మొగిలికి,

ఇక్కడ మనింట్లో అందరం బాగానే ఉన్నాం. అవ్వకు దగ్గు తగ్గింది. మీ వదిన కనకలక్ష్మి, మన మరదలు సీతాబాయి కోసం మామిడికాయ తొక్కు జాడీకి గుడ్డ కట్టి ఉంచింది. బొంబాయి పోయేవాళ్లు దొరికితే పంపుతాం. నేను చదివింది ఉర్దూ బడిలో కాబట్టి ఈ ఉత్తరంలో ఒత్తులు తప్పితే మరదలిని నవ్వవద్దను.

నీకు ఒక సంగతి చెప్పాలి. లింగంపల్లి దగ్గర మా కార్ఖానా ఫుట్‌బాల్ జట్టును నాకు అప్పజెప్పారు. పొద్దంతా ఫిట్టర్‌ని, నాలుగున్నర దాటితే ఉస్తాద్‌ని. ఆటల సెక్రటరీ భీమేశ్వరరావు గారిది కాకినాడ వైపు. ఆఫీసులో పెద్ద గుమాస్తా. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మీరు పట్నంలో ఆడినవారు, మన కుర్రాళ్లని ఒక దారిలో పెట్టండి అన్నాడు. నేను లేచి గుమ్మం దాటుతుంటే పక్కాయనకు చెబుతున్నాడు, "మొగిలి లేడూ, బొంబాయిలో ఆడతాడు, ఆయన అన్నగారండి." నాకు పదిహేనేళ్లుగా అదే పేరు. నవ్వుకుంటూ వచ్చేశాను.

మొదటి మ్యాచ్‌లో ఆరు గోల్స్ తిన్నాం. బంతి ఎక్కడుంటే పదిమందీ అక్కడికే ఉరికారు. పైగా మొన్నటి ప్రత్యేక రాష్ట్రం గొడవల తర్వాత ఇక్కడి పిల్లలు కోస్తా పిల్లలకు బంతి ఇవ్వరు, వాళ్లు వీళ్లకు ఇవ్వరు. ఒకడు కిందపడితే ఇంకొకడు నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తాడు.

ఆదివారం పుప్పాలగూడ దిక్కు సైకిల్ మీద పోతుంటే ఇద్దరు గొర్లకాపరులు మందను కంప దొడ్డిలోకి తోలుతూ కనబడ్డారు. వాళ్లు ఒక్క గొర్రెను కూడా తరమలేదు. ఒకడు బండ మీద, ఒకడు గట్టు మీద నిలబడ్డారు. ఒకడు రెండడుగులు జరిగితే రెండోవాడూ రెండడుగులు జరిగాడు. మందకు కనబడే దారి ఒక్కటే మిగిలింది. అన్నీ అందులోకే పోయాయి. నేను సైకిల్ దిగి చివరి గొర్రె పోయేదాకా చూశాను.

మర్నాడు గోల్ ముందు కాపలా కాసే నలుగురు బ్యాకుల నడుములకు ఒకటే మోకు కట్టించాను. బంతి మీదికి ఉరకొద్దని చెప్పాను. "ఎదుటోనికి ఒక్క తొవ్వ ఇడువుండ్రి. ఆడు గా తొవ్వనే వస్తడు. వచ్చినంక గుంజుకుందాం." అందరూ నవ్వారు, రామచంద్రం తప్ప. అతను లేత్ మీద పనిచేస్తాడు, ఇరవై రెండేళ్లవాడు. మోకు బిగియకముందే పక్కవాడితో పాటు కదలడం మొదలుపెట్టాడు.

నీ ఆట ఎలా సాగుతోందో రాయి.

నీ మేలు కోరే అన్న
వీరేశం


పరేల్, బొంబాయి
29 జూన్ 1973

అన్నకు మొగిలి రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి మా గదిలో అందరం నవ్వుకున్నాం. మనుషుల్ని మోకుతో కట్టే ఉస్తాద్‌ని ఇక్కడ ఎవరూ చూడలేదట. కోపం తెచ్చుకోకు. నువ్వు చెప్పింది తప్పు కాదు, కానీ జనం వచ్చేది గోల్ చూడ్డానికి. నలుగురు బ్యాకులు కలిసి పక్కకు జరిగితే చప్పట్లు కొట్టేవాణ్ని నేనింతవరకు చూడలేదు. పిల్లలకు ముందు గోల్ కొట్టడం నేర్పు, మిగతాది అదే వస్తుంది.

ఇక్కడ వానలు. మేముండే చాల్‌లో, ఈ గదుల వరసలో, వరండా అంతా తడిబట్టలే. సీతాబాయి తొక్కు కోసం రోజులు లెక్కపెడుతోంది.

ఇది నీకొక్కడికే రాస్తున్నాను, వదిన అవ్వకు చదివి వినిపించేటప్పుడు ఈ ముక్క వదిలెయ్యమను. నా ఎడమ మోకాలు చెడింది. ఆ కాలు మీద బరువు వేసి కుడివైపు తిరిగితే లోపల ఏదో పట్టేస్తుంది, కళ్లు తిరుగుతాయి. ఎడమవైపు తిరిగితే ఏమీ కాదు. అందుకే ఈ సీజన్ అంతా ఎడమవైపే తిరుగుతున్నాను. మా మిల్లు జట్టులో ఎవరికీ తెలియదు. తెలిస్తే నన్ను కూర్చోబెడతారు. ముప్ఫై ఆరేళ్లవాడిని ఒకసారి కూర్చోబెడితే మళ్లీ లేపరు. సీతాబాయికి కూడా బెణికిందనే చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఉండలేక నీకు చెప్పాను.

అవ్వకు నా దండాలు.

మొగిలి


కొండాపూర్
19 ఆగస్టు 1973

తమ్ముడు మొగిలికి,

మేం గెలవడం మొదలైంది. నాలుగు మ్యాచ్‌లలో ఒక్క గోల్ తిన్నాం, అదీ పెనాల్టీ. మోకు తీసేసి నెల దాటింది. ఇప్పుడు నా చెయ్యే మోకు. నేను ఎడమ చెయ్యి ఎత్తితే జట్టంతా ఎదుటివాడి ఎడమవైపు మూసేస్తుంది, కుడి చెయ్యి ఎత్తితే కుడివైపు. ముందున్న ఫార్వర్డ్‌లు కూడా వెనక్కి వచ్చి నడిమి దారిలో నిలబడతారు. ఒకడు ముందుకు పోతే అతని వెనక ఖాళీని పక్కవాడు నింపుతాడు. ఎదుటివాడికి బంతి ఉంటుంది, కాళ్లలో బలం ఉంటుంది, పోవడానికి మాత్రం ఒకటే చోటు. అతనికంటే ముందు మాకు తెలుసు ఎక్కడికి పోతాడో.

కోస్తా పిల్లలు, ఇక్కడి పిల్లలు ఇప్పుడు ఒక టిఫిన్ డబ్బాలో తింటున్నారు. ఖాళీ నింపకపోతే గోల్ పడుతుంది, గోల్ పడితే అందరికీ తిట్లు పడతాయి. అంతకంటే నేను చేసిందేమీ లేదు.

ఒక పోలీసు జట్టుతో సున్నా సున్నాగా ముగించిన రోజు నేను ఇంటికి నడిచి రాలేదు, తేలి వచ్చాను. ఆ సాయంత్రమే భీమేశ్వరరావు గారు నా భుజం మీద చెయ్యి వేసి ఏమన్నాడో రాస్తాను. "బ్రహ్మాండమండి వీరేశం గారూ. ఇక ముందర మీ తమ్ముడు గారు కూడా ఉంటేనా, మనకి తిరుగుండదండి." నేను అవునండి అన్నాను. అవునండి అంటూనే ఉన్నాను. మనల్ని కన్న అవ్వ కూడా బోరింగు దగ్గర ఆడవాళ్లకు మా చిన్నోడు బొంబాయిల ఆడతడు అని చెబుతుంది. పెద్దోడి ముచ్చట ఎవరైనా అడిగితే కార్ఖానాల ఉన్నడు అంటుంది.

నవ్వుకోవడానికే రాశాను. తొక్కు జాడీ హఫీజ్‌పేట మనిషి తెస్తున్నాడు, దాదర్‌లో దిగుతాడు.

వీరేశం


పరేల్
16 సెప్టెంబర్ 1973

అన్నకు,

తొక్కు అందింది. మూత తీయగానే పక్కింటి వాళ్లు కూడా వచ్చారు. వదినకు సీతాబాయి దండాలు చెప్పమంది.

నీ మనసు నాకు అర్థమైందన్నా. భీమేశ్వరరావు గారి ఉత్తరం వచ్చింది. మీ కార్ఖానాలో నాకు ఉద్యోగం, జట్టుకు ఆడుతూ కోచ్‌గా ఉండడం, ఉండడానికి క్వార్టరు. ఇది నీ చెయ్యి లేకుండా జరగదు. నా మోకాలి సంగతి నీకొక్కడికే తెలుసు. తమ్ముడు ఇంకెన్నాళ్లు ఆడతాడు, ఇంటికి తెచ్చుకుందామని నువ్వే ఆయనతో చెప్పి ఉంటావు. నీ ఉత్తరంలో మోకాలి ఊసే లేకపోతే మొదట మనసు నొచ్చుకుంది. ఒక మాట అడగలేదేమని. ఇప్పుడు తెలిసింది, చేతలతో జవాబిచ్చావు.

నేను వస్తాను. వెనక బ్యాకుల సంగతి నువ్వే చూసుకో, నీ అంత బాగా ఎవరూ చూడలేరు. మిగతా జట్టును నేను చూస్తాను. డిసెంబర్ పోటీలకు మా మిల్లు జట్టు పట్నం వస్తోంది. ఆయనతో అప్పుడే ఎదురుగా మాట్లాడతాను. అవ్వకు ఇప్పుడే చెప్పకు, నేనే చెబుతాను.

నీ తమ్ముడు
మొగిలి


కొండాపూర్
2 అక్టోబర్ 1973

మొగిలికి,

నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. నీకు ఉత్తరం పోయిందని నీ ఉత్తరం చూశాకే నాకు తెలిసింది. భీమేశ్వరరావు గారిని అడిగితే, ఒక ముక్క మీతో అనాల్సిందండి, మరిచాను అన్నాడు. నువ్వు ఆయనకు ముందే రాశావో లేదో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

బ్యాకులను నాకు వదిలేశావు, సంతోషం. మనిద్దరం ఒకే జట్టుకు ఆడిన 1959 ఫైనల్ నీకు గుర్తుందో లేదో. పట్నం మొత్తం భయపడే సెంటర్ ఫార్వర్డ్‌ను తొంభై నిమిషాలు నేను పట్టుకున్నాను. ఒక్కసారి కూడా గోల్ వైపు తిరగనివ్వలేదు. ఆఖరున నువ్వొక గోల్ కొట్టావు. లింగంపల్లి స్టేషన్ నుంచి ఊళ్లోకి నిన్ను భుజాల మీద తెచ్చారు. నీ బూట్లు నా చేతిలో ఉన్నాయి. మర్నాడు పేపరులో నీ పేరు, నీ ఫోటో. నా పేరు లేదు. నేను ఆ పేపరు మొత్తం చదివాను, పెళ్లి ప్రకటనలతో సహా.

ఈ జట్టు నాది. మోకు కట్టింది నేను, విప్పింది నేను. డిసెంబర్‌లో రా. పోటీల చీటీలలో మొదటి రౌండు మీకూ మాకూ పడింది. ముందు ఎదుటి జట్టులో ఆడి చూడు, తర్వాత కోచ్ సంగతి.

వీరేశం


పరేల్
25 అక్టోబర్ 1973

అన్నకు,

నేను ఆయనకు రాయలేదు. ఆయనే రాశాడు. నమ్మడం, నమ్మకపోవడం నీ ఇష్టం.

59 నాకు గుర్తుంది. నిన్ను కూడా ఎత్తుకోమని నేను పైనుంచి అరిచాను. ఎవరికీ వినబడలేదు. నీకు కూడా వినబడలేదని ఇప్పుడు తెలిసింది.

ఆయనకు ఇంకా జవాబివ్వలేదు. డిసెంబర్‌లో మీ నలుగురు బ్యాకుల మధ్య నుంచి రెండు గోల్స్ కొడతాను. ఆ తర్వాత ఇంటికొచ్చి అవ్వ చేతి అన్నం తిని, నీతో ఎదురుగా మాట్లాడతాను. అవ్వను మ్యాచ్‌కు తీసుకురా. ఆమె నా ఆట చూసి తొమ్మిదేళ్లయింది.

మొగిలి


కొండాపూర్
20 డిసెంబర్ 1973

తమ్ముడు మొగిలికి,

నీ గురించి ఇక్కడ అందరూ అడుగుతున్నారు. మ్యాచ్ అయ్యాక నేను దవాఖానకు వచ్చేసరికి నిన్ను మీవాళ్లు బొంబాయి రైలెక్కించారని చెప్పారు. అవ్వ నీ కోసం జొన్నరొట్టెలు, మేకమాంసం తునకల కూర చేసి పెట్టింది. ఆ పూట ఇంట్లో ఎవరూ తినలేదు.

మా పిల్లలు బాగా ఆడారు. ఒకటి సున్నా. ఆ గోల్ కార్నర్ నుంచి వచ్చింది, ఎవరి తలకు తగిలిందో ఇంకా వాదించుకుంటున్నారు. గాయాలు ఆటలో అవుతూనే ఉంటాయి. నిన్ను స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే రామచంద్రం వెంట నడిచాడు, నువ్వు చూశావో లేదో. డెబ్భై నిమిషాల దాకా నువ్వు ఆడిన తీరు గురించి రెఫరీ కూడా మెచ్చుకున్నాడు.

భీమేశ్వరరావు గారు కార్ఖానాలో సభ పెట్టి నా మెడలో దండ వేశాడు. ఈసారి నీ పేరు ఎత్తలేదు.

డాక్టర్లు ఏమన్నారో రాయి. సీతాబాయిని ధైర్యంగా ఉండమను.

వీరేశం


బొంబాయి, ఆసుపత్రి నుంచి
9 జనవరి 1974

అన్నకు,

మంచం మీద పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. మోకాలు కోసి ఏదో తీసేశారు. నడుస్తాను. ఆడను. డాక్టరు రెండో మాట చెప్పడానికి చాలా సేపు అటూ ఇటూ చూశాడు, నేనే అందించాను.

నీ జట్టు గురించి రాయాలని ఉంది. నేను పద్దెనిమిదేళ్లు ఆడాను, అలాంటి జట్టుతో ఎప్పుడూ ఆడలేదు. బంతి నా కాళ్ల దగ్గరే ఉంటుంది, ఎవరూ గుంజుకోరు. కానీ ఎడమవైపు తిరగాలంటే గోడ, నడిమికి పోవాలంటే గోడ. కుడివైపు మాత్రం నా కోసమే తీసి ఉంచినట్టు ఖాళీ. నా ఖర్మ కాకపోతే అది నా చెడ్డ వైపే కావాలా? మీ పిల్లలకు ఏం తెలుసు పాపం. రామచంద్రానికి చెప్పు, నాకు అతని మీద ఏ కోపమూ లేదని. అతను ఒక్కసారి కూడా నా కాలు మీదికి రాలేదు. శుభ్రంగా ఆడాడు.

భీమేశ్వరరావు గారికి కూడా రాశాను. మీకు నా అవసరం లేదు, మా అన్నను వదులుకోకండి అని. నువ్వే సరైన మనిషివి. నీ మీద జోకులు వేసినందుకు సిగ్గుపడుతున్నాను.

అవ్వకు నేనే నడిచి వచ్చి కనబడతానని చెప్పు.

మొగిలి


కొండాపూర్
27 జనవరి 1974

తమ్ముడా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపాను. ఇది ఐదోది, ఇది పోస్టులో వేస్తాను.

అది నీ ఖర్మ కాదు. నేను చేసింది.

నీ మోకాలి గురించి నువ్వు జూన్‌లో రాసిన ముక్క నాకు కంఠతా వచ్చు. నవంబర్ నెల మొత్తం ఆ ఒక్కదాని మీదే సాధన చేయించాను. రామచంద్రాన్ని, మిగతావాళ్లను నిలబెట్టి, వాళ్ల ఏడో నంబరు వచ్చినప్పుడు ఎడమ మూసి కుడి వదలండి, ఎన్నిసార్లు వచ్చినా కుడే వదలండి అన్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. ఉస్తాద్ చెబితే ఏదో ఉంటుందనుకున్నారు. మ్యాచ్ రోజు బంతి నీ దగ్గరికి వచ్చినప్పుడల్లా నా ఎడమ చెయ్యి పైకి లేచింది. నువ్వు కుడివైపు తిరిగినప్పుడల్లా నీ ముఖం చూశాను. పదకొండుసార్లు తిరిగావు. లెక్కపెట్టాను.

నువ్వు పడినప్పుడు నాకు ముందు ఏమనిపించిందో కూడా రాస్తాను. గెలిచాననిపించింది. కార్ఖానా జట్టు కాదు, నేను. అది రెండు క్షణాలుంది. అవ్వ గ్యాలరీలోంచి లేచి చెప్పులు లేకుండా మైదానంలోకి రావడం చూశాక పోయింది.

మీ వదినకు నీ కాలి సంగతి మొదటి నుంచీ తెలుసు, అవ్వకు నీ ఉత్తరం చదివి వినిపించింది ఆమే కదా. ఆ ముక్క దాటేసి చదివింది. మ్యాచ్ నుంచి వచ్చిన రోజు నా ముందు అన్నం పెట్టి, "తమ్ముని కాలు సంగతి నీకు యాదికున్నదా?" అని అడిగింది. ఉన్నదన్నాను. అప్పటి నుంచి అన్నం పెడుతోంది, మాట్లాడడం లేదు.

నీకు అతని మీద కోపం లేదని రామచంద్రానికి చెప్పాల్సి వచ్చింది. నువ్వు చెప్పమన్నావు కాబట్టి తప్పించుకోలేకపోయాను. మైదానం పక్కన బండ మీద కూర్చుని షూ లేసులు కట్టుకుంటున్నాడు. నువ్వన్న మాట చెప్పాను. తల ఎత్తి చూశాడు.

"గాయన కాలు బాగలేదని నీకు ముందుగాలనే ఎరుకనా ఉస్తాద్?"

ఎరుకేనన్నాను.

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు ఆడకపోదువు."

"అవ్, ఆడకపోదును." లేసులు విప్పేశాడు. "నాకు చెప్పకుంట నా చేత చేపిచ్చినవు."

షూలు బండ మీదే పెట్టి పోయాడు. మళ్లీ రాలేదు. అతను లేకుండా రెండు మ్యాచ్‌లు ఆడాం, రెండింట్లోనూ ఓడిపోయాం. నేను చెయ్యి ఎత్తితే పిల్లలు ఇప్పుడు కదిలే ముందు ఒక్క క్షణం నా ముఖం చూస్తున్నారు. ఆ ఒక్క క్షణంలోనే గోల్ పడుతోంది.

క్షమించమని రాయడానికి చెయ్యి రావడం లేదు. జరిగింది జరిగినట్టు రాశాను. భీమేశ్వరరావు గారికి నీ ఉత్తరం వచ్చిందట. చూశారా, తమ్ముడంటే అలా ఉండాలండి అన్నాడు.

వీరేశం


పరేల్
5 మే 1974

వీరేశం అన్నకు,

మూడు నెలలు జవాబు రాయలేదు. రాయకూడదనే అనుకున్నాను.

నాకు తెలుసు. రెండోసారి కుడివైపు తిరిగినప్పుడే తెలిసింది. మా మిగతా ఫార్వర్డ్‌లకు మీ పిల్లలు ఒకసారి ఎడమ, ఒకసారి కుడి మారుస్తున్నారు. నాకు మాత్రం ఎప్పుడూ కుడే. మూడోసారి నేను బంతి చూడలేదు, గీత బయట నిలబడ్డ నిన్ను చూశాను. నీ చెయ్యి పైన ఉంది.

జనవరిలో రాసిన ఉత్తరం తెలిసి రాసిందే. నీ జట్టు గురించి రాసింది నిజం, ఖర్మ అని రాసింది అబద్ధం. నువ్వు దాన్ని అలాగే ఒప్పుకుని ఊరుకుంటే నీకు ఇంకెప్పుడూ రాయనని సీతాబాయి ముందు ఒట్టు పెట్టుకున్నాను. నువ్వు ఒప్పుకోలేదు. అందుకని రాస్తున్నాను. మరి ఇన్నాళ్లు ఎందుకు రాయలేదంటే, నిజం చదివాక కోపం తగ్గుతుందనుకున్నాను, పెరిగింది.

తెలిసి కూడా ఎందుకు తిరిగావని నువ్వు అడగలేదు. నేనే చెబుతాను. గ్యాలరీలో అవ్వ ఉంది. కూర్చుంటానని చెయ్యి ఎత్తలేకపోయాను. రెండు గోల్స్ కొడతానని నీకు రాసి ఉన్నాను. ఇంకొకటి కూడా ఉంది. నీ చెయ్యి లేవగానే పదిమంది ఒక్కసారి కదిలారు చూడు, నాకు కళ్లు మండాయి. పద్దెనిమిదేళ్లలో నా దగ్గర బంతి పోతే మా వాళ్లలో ఏ ఒక్కడూ నా వెనక ఖాళీని నింపడానికి రాలేదు. మొగిలి పోగొట్టాడు, మొగిలే తెచ్చుకుంటాడు అని నిలబడేవాళ్లు. భుజాల మీద ఎత్తుకున్నవాళ్లు ఆ ఒక్కరోజే ఎత్తుకున్నారు. నీకు ఆ పిల్లలు రోజూ ఉన్నారు. వాళ్ల మధ్యలోంచి నా కాలితో దారి చేసుకుని పోవాలనిపించింది, కాలు ఏమైనా సరే. నువ్వు నన్ను చూసి కుళ్లుకున్నావని నీ ఉత్తరాలే చెబుతున్నాయి. అదేదో నీ ఒక్కడికే ఉన్నట్టు రాశావు.

మిల్లులో నన్ను బట్టలు మడతపెట్టే విభాగానికి మార్చారు. నిలబడే పని. సాయంత్రానికి మోకాలు ఉబ్బుతుంది.

రామచంద్రానికి వేరుగా ఒక కార్డు రాశాను. నీ కోసం కాదు. అంత బాగా కదిలేవాడు ఆట మానేస్తే నాకు నష్టం ఏమీ లేదు, కానీ ఊరుకోలేకపోయాను. నిన్ను క్షమించమని అందులో లేదు. ఉస్తాద్ తప్పు చేశాడు, నువ్వు చేయలేదు, షూలు తొడుక్కో అని రాశాను.

జూన్ రెండో వారంలో అవ్వను చూడ్డానికి వస్తున్నాను. స్టేషన్‌కు రాకు. నేనే బస్సులో వస్తాను.

మొగిలి


కొండాపూర్
7 జూలై 1974

తమ్ముడు మొగిలికి,

నువ్వు, సీతాబాయి క్షేమంగా చేరినట్టు కార్డు అందింది. అవ్వ ఆ కార్డును దిండు కింద పెట్టుకుంది. మీ వదిన నాతో మాట్లాడుతోంది. మొన్న బియ్యంలో రాళ్లున్నాయని తిట్టింది కూడా.

నువ్వు ఉన్న పది రోజుల్లో మనిద్దరం మాట్లాడుకున్నది చాలా తక్కువ. మొదటి మూడు రోజులు ఉప్పు అందుకోవడానికి కూడా అవ్వను అడిగాం. ఆమె మధ్యలో కూర్చుని ఇద్దరి కంచాలూ చూసేది. ఆమెకు ఎంత తెలుసో నాకు ఇప్పటికీ తెలియదు. ఎదురుగా నోరు రాలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నీ కాలు పోగొట్టింది నేను. నన్ను క్షమించు. ఇప్పుడే కాకపోయినా సరే.

నువ్వు మైదానానికి వచ్చిన సాయంత్రం గురించి చెప్పాలి. రామచంద్రం తిరిగొచ్చి అప్పటికి వారం. నాతో పనిమాటలే మాట్లాడుతున్నాడు. నువ్వు కర్ర పట్టుకుని వచ్చి బండ మీద కూర్చున్నావు. పిల్లలు ఆట ఆపి నీ వైపు చూశారు, నేను ఆడమన్నాను. కొంచెం సేపయ్యాక అవతలి వైపు నుంచి బంతి వేగంగా వచ్చింది. నేను చూడడం ఒక్క క్షణం ఆలస్యమైంది. చెయ్యి ఇంకా లేవలేదు. నువ్వు కూర్చున్న చోటు నుంచే "రామచంద్రం, జర్గు, లోపటికి" అన్నావు. గట్టిగా కూడా అనలేదు.

మొత్తం జట్టు కదిలింది. నీ గొంతుకు. ఏడాది కష్టపడి నేను కట్టిన జట్టు, ఒక్క మాటకు, నా వైపు చూడకుండానే. అవతలివాడికి ఒక్క దారే మిగిలింది, అటే పోయి బంతి పోగొట్టుకున్నాడు. రామచంద్రం నవ్వాడు. జనవరి నుంచి అతని పళ్లు నేను చూడలేదు.

నాకు కడుపు మండింది తమ్ముడా. డిసెంబర్‌లో ఎంత మండిందో అంతే. దాచను. మళ్లీ చెయ్యి ఎత్తి నా మాటే నెగ్గించుకోవాలనిపించింది. చెయ్యి సగం దాకా లేచింది కూడా. దించేశాను. దించి, నాలుగడుగులు పక్కకు జరిగి నిలబడ్డాను, పిల్లలకు నువ్వు కనబడేట్టు. ఆ గంటసేపు నువ్వే చెప్పావు. నేను బంతులు ఏరి తెచ్చాను. ఇంటికి వచ్చేటప్పుడు నువ్వు ముందు నడిచావు, నేను వెనక.

నువ్వు పోయాక భీమేశ్వరరావు గారి దగ్గరికి వెళ్లి డిసెంబర్ సంగతి అంతా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది నాకెందుకు చెప్పారండీ" అన్నాడు. నన్ను తీసేస్తే తీసెయ్యండి, మా తమ్ముణ్ని మాత్రం పిలవండి అన్నాను. ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, తీసేసేది లేదండి, కానీ ఇకనుంచి కోచ్ ఆయనే, మీరు ఆయన కింద, ఒప్పుకుంటారా అన్నాడు. ఒప్పుకున్నాను. ఆయన కాగితం ఈ వారంలో నీకు వస్తుంది. అది చేరకముందే నా ఉత్తరం నీకు అందాలని ఈ రోజే పోస్టు చేస్తున్నాను.

నువ్వు వస్తే పిల్లలు నీ మాటే వింటారు. భీమేశ్వరరావు గారు నీ పేరే చెబుతాడు. అవ్వ బోరింగు దగ్గర నీ ముచ్చటే చెబుతుంది. అవన్నీ రోజూ చూస్తూ ఉండాలి. మనసు మారిందని, ఇక నాకేమీ అనిపించదని రాస్తే నువ్వు నమ్మవు, నేనూ నమ్మను. ఆ మంట ఎక్కడ ఉందో అక్కడే ఉంది. దాన్ని పక్కన పెట్టుకునే అడుగుతున్నాను. నువ్వు, సీతాబాయి వచ్చెయ్యండి.

వీరేశం